పై దీపం, కింది దీపం

"ఇంకా పన్నెండు కాలేదా ఈ ఇంట్లో?" అని నా భర్త ఇద్రీస్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని కేక వేసినప్పుడల్లా, నేను పెరట్లోకి వెళ్లి బట్టల తీగె కట్టిన కర్ర నీడ చూసి వచ్చేదాన్ని. నీడ ఇంకా పడమటి గోడను పాకుతూనే ఉండేది. అంటే సూర్యుడి లెక్కలో పదకొండు. ఇద్రీస్ చేతి గడియారంలో మాత్రం పన్నెండు. మా మాల్దీవుల్లో చాలా రిసార్టు దీవులు గడియారాన్ని రాజధాని మాలె కంటే ఒక గంట ముందుకు తిప్పి పెట్టుకుంటాయి, డబ్బిచ్చి వచ్చినవాళ్లకు సాయంకాలం కాస్త పొడుగ్గా కనిపించాలని. అలాంటి దీవిలో సగం జీవితం ఉద్యోగం చేసి ఇద్రీస్ రిటైరయ్యాడు. గడియారం రిటైరు కాలేదు. "మీ దీవిది వెనకబడిన టైము" అనేవాడు. గరుధియా చేపల చారు అతని టైముకే కాగాలి, అన్నం అతని టైముకే ఉడకాలి. మసీదులో పిలుపు ఒక్కటే సూర్యుడి పక్షాన నిలబడేది. దేవుడి విషయంలో నాకు ఏ అభిప్రాయమూ గట్టిగా లేదు కానీ, ఆ ఒక్క విషయంలో ఆయనా నేనూ ఒకే జట్టు.

నేను పనిచేసింది ధోరుఫుషి విమానాశ్రయంలో, వాతావరణ కార్యాలయంలో. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత కిందికి దిగింది, సముద్రం ఎంత పొంగింది అని చూసి చెప్పడం నా పని. చూసేది నేను, సంతకం చేసేది మా పైఅధికారి. విదేశంలో శిక్షణకు పంపించవలసిన ప్రతిసారీ పిల్లలున్న ఆడదాన్ని ఇబ్బంది పెట్టకూడదనే దయ వాళ్లలో పొంగిపొర్లేది. "నువ్వు వెళ్లిపోతే మాకు టీ ఎవరు పెడతారు హబ్సా?" అని నవ్వేవారు. అది మెచ్చుకోలు అనుకుని నేనూ నవ్వేదాన్ని. రిటైరైన నాడు నాకో గోడగడియారం బహూకరించారు. ఇంటికి తెచ్చి తగిలించిన సాయంత్రమే ఇద్రీస్ దాన్ని గంట ముందుకు తిప్పేశాడు.

ఆ తర్వాత హీనమాఫుషిలోని మా ఇంటి మీద గదులు కట్టి అతిథి గృహం చేశాం. "చేశాం" అనడం మర్యాద కోసం. బోర్డు మీద పేరు అతనిది, దుప్పట్లు ఉతికేది నేను. అతిథులు చాలామంది మాలె నుంచి వచ్చే చివరి విమానంలోనే దిగుతారు. ధోరుఫుషిలో విమానాశ్రయం తప్ప ఊరు లేదు. అక్కడి నుంచి మా దీవికి చీకట్లో దోనె మీద రావాలి. దీవి చుట్టూ పగడపు గట్టు. గట్టులో దోనె పట్టేంత సందు ఒకటే ఉంది, దాన్ని మొగ అంటాం. నీళ్లు తగ్గితే గట్టు పైకి తేలుతుంది. అప్పుడు మొగ తప్పిన పడవను తెల్లవారాక చెక్కలుగా ఏరుకోవాలి.

పడవ వచ్చే రాత్రి మా ఇంటి ఆడవాళ్లు రెండు దీపాలు పెట్టడం ఎన్ని తరాల నుంచో ఉన్న ఆచారం. ఒకటి డాబా మీద బట్టల తీగె కొక్కేనికి, ఇంకొకటి కింద ఇసుకలో పాతిన ఇనపకడ్డీకి. "సముద్రం మీంచి వచ్చే ఫరేతలు ఒక దీపాన్ని లెక్కచెయ్యవు, రెండు చూస్తే వెనక్కి పోతాయి" అని మా అత్తగారు నాకు నేర్పారు. పెళ్లయిన కొత్తలో నాకు నవ్వొచ్చింది. ఫరేత అనే దయ్యాన్ని నేను ఇంతవరకు చూడలేదు. కానీ ఒకసారి డ్యూటీ ముగించుకుని రాత్రి పడవలో వస్తూ ఆ దీపాలను సముద్రం మీంచి చూశాను. పడవ పక్కలకు జరిగినప్పుడు రెండు దీపాలూ విడిపోయాయి. సరిగ్గా మొగకు ఎదురుగా వచ్చేసరికి పై దీపం కింద కింది దీపం నిలువుగా నిలబడింది. అంతే, ఆ నిలువు గీత మీద ముక్కుసూటిగా వస్తే ఒడ్డుకు చేరతాం. రెండు దీపాలు, ఒక సరళరేఖ. గాలివాటు మారి మొగలో ఇసుక జరిగినప్పుడల్లా మా అత్తగారు కడ్డీని పీకి కాస్త అవతల ఎందుకు పాతేవారో కూడా అప్పుడర్థమైంది. మా అత్తగారికి అత్తగారో, ఆవిడకు అత్తగారో, ఎవరో ఒకావిడ ఈ లెక్క కట్టి ఉంటుంది. ఆడది లెక్క చెబితే ఎవరూ వినరని, దయ్యం పేరు పెట్టి చెప్పి ఉంటుంది. పేరు తెలియని ఆ మనిషి మీద నాకున్నంత గౌరవం నేను చదివిన శాస్త్రవేత్తల్లో కొద్దిమంది మీదే ఉంది.

ఇద్రీస్‌కి ఇదంతా చాదస్తం. "చదువుకున్నదానివి, నువ్వూ దయ్యాలకు దీపాలు పెడతావా?" అనేవాడు. ఒకసారి కాగితం మీద గీసి చూపించాను. అతను ఫోన్లో ఏదో చూస్తూ "ఊ" అన్నాడు. ఆ "ఊ"ని మా కాపురమంతా పరిచి ఆరేయవచ్చు.

ఆ వారం నేను మోకాళ్ల నొప్పికి పరీక్షలు చేయించుకోవడానికి మాలె వెళ్లాను, ఒక్కదాన్నే. తిరుగు ప్రయాణంలో చివరి విమానం దొరికింది. పక్క సీట్లో డెబ్బై దగ్గరపడిన ఒక చెక్ దేశపు ఆవిడ. పేరు యిత్కా. జీవితమంతా పిల్లలకు ఈత నేర్పి, ఇప్పుడు ఒంటరిగా, ఒక చిన్న సంచితో మా అతిథి గృహానికే వస్తోంది. "నీతో ఎవరూ రాలేదా?" అని అడిగాను. "ఎందుకు రావాలి?" అంది, ఆశ్చర్యపోతూ. ఆ జవాబు దగ్గర నా ఆలోచన కాసేపు ఆగిపోయింది.

విమానం దిగాం. జెట్టీ దగ్గర పడవ లేదు.

ఇన్నేళ్లు నేను ఎదురుచూసే వైపే ఉన్నాను. దిగే వైపు నిలబడడం అదే మొదటిసారి. దిగినవాళ్లను తీసుకుని రిసార్టు పడవలన్నీ వెళ్లిపోయాయి. కాపలాదారు నిజార్ తాళాల గుత్తి ఆడిస్తూ వచ్చాడు. ఊళ్లో కుర్రవాళ్లంతా నన్ను దత్తా అంటారు, మా భాషలో అక్క.

"దత్తా, లోపల ఉండనివ్వరు. లైట్లు ఆర్పేయాలి. మీరు ఇక్కడ పనిచేసినప్పుడు ఈ రూలు పెట్టించింది మీరే కదా!"

"అవును, కరెంటు ఆదా" అన్నాను. "ఆర్పు నాన్నా."

ఇద్రీస్‌కి ఫోన్ చేశాను. నిద్రమత్తులో ఉన్నాడు.

"జహీర్‌కి చెప్పానుగా, వస్తాడు. అయినా నువ్వెందుకక్కడ? నువ్వొచ్చేది రేపు కదా?"

"ఇవాళే అని పొద్దున చెప్పాను."

"అలాగా? నాకు అతిథి సంగతి ఒక్కటే గుర్తుంది."

జహీర్ మా దీవికి కొత్తగా వచ్చిన పడవవాడు, ఇద్రీస్‌ని బేబె, అంటే అన్న, అని పిలుస్తాడు. అతనికి చేశాను.

"చొక్కా వేసుకుంటున్నా దత్తా. పదకొండున్నరకి కదా బేబె చెప్పింది?"

"విమానం పదిన్నరకే దిగింది."

"అయ్యో! బేబె చెప్పింది రిసార్టు టైమా? నాకేం తెలుసు దత్తా, నేను మామూలు మనుషుల గడియారం చూసుకుంటా. ఇప్పుడు చూస్తే పాటు మొదలైంది, బయల్దేరినా తిరిగొచ్చేసరికి నీళ్లు దిగి గట్టు తేలిపోతుంది. మొగలో దూరడం నా వల్ల కాదు. తెల్లారగానే వస్తా. ఆవిడని ఏదో ఒక బెంచీ మీద పడుకోబెట్టు."

యిత్కా నా మొహం చూసింది. కాసేపు గాలీ నీళ్లూ చూసి నేను మూడో ఫోన్ చేశాను, మా కోడలు రిఫ్గాకి.

రిఫ్గా సంగతి కాస్త చెప్పాలి. మా అబ్బాయి సరుకు ఓడల్లో తిరుగుతాడు. రిఫ్గాకి తండ్రి వదిలివెళ్లిన దోనె ఉంది, పడవ నడిపే లైసెన్సు ఉంది. ఆ దోనెను రాత్రుళ్లు అతిథుల కోసం నడపడానికి ఇద్రీస్ మగవాళ్లను జీతానికి పెడతాడు. "నువ్వు పగలు కూరగాయలు తెచ్చుకో అమ్మా. రాత్రిపూట ఆడది నడిపే పడవ ఎక్కిస్తే అతిథులు రివ్యూల్లో ఏం రాస్తారో!" నెలాఖరు నుంచి ఆ చుక్కాని జహీర్‌కే శాశ్వతంగా అప్పగిస్తానని మొన్ననే చెప్పాడు. రిఫ్గా ఆ రాత్రి దోనె అడుగును చాలాసేపు తోముతూ కూర్చుంది.

"పాటు మొదలైంది, తెలుసుగా?" అన్నాను ఫోన్లో.

"తెలుసత్తమ్మా. జహీర్ తాళం చెవి గోడ మీద పెట్టి పోవడం చూశాను. బయల్దేరిపోయా."

గాలితో పాటు ఇంజను చప్పుడు వినిపించింది. అబద్ధం కాదు.

ఆమె వచ్చేదాకా జెట్టీ మీద కూర్చుని నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. అమావాస్య ఇంకా నాలుగు రోజులుంది. చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. నీళ్లు దిగుతున్నాయి. పడమటి గాలి లేస్తోంది. గట్టు తేలకముందే మొగ దాటితే సరి. లేకపోతే ముగ్గురం తెల్లారేదాకా బయటి కెరటాల మీద ఊగాలి, లేదా తొందరపడి గట్టుకు కొట్టుకోవాలి. ఈ ఒక్క రాత్రి ఏది తప్పినా రిఫ్గాకి ఈ జన్మలో మళ్లీ చుక్కాని దొరకదు. మగవాడు పడవ పగలగొడితే అది సముద్రం తప్పు. ఆడది పగలగొడితే ఆడవాళ్లందరి తప్పు.

రిఫ్గా చెప్పులు లేకుండా, తలగుడ్డ మెడ వెనక ముడి వేసుకుని వచ్చింది. యిత్కాకి చెయ్యందించింది. యిత్కా ఆ చెయ్యి పట్టుకోకుండానే దోనెలోకి దిగి, "ఎక్కడ కూర్చుంటే నీకు బరువు సమానం?" అని అడిగింది. రిఫ్గా మొహం వెలిగింది. ఆ ప్రశ్న అడిగిన అతిథి ఇంతవరకు లేదు.

సముద్రం మీదికి వచ్చాక ఇక మాటలు లేవు. రిఫ్గా దిక్సూచిని ఒక్కసారి చూసి, ఒక నక్షత్రాన్ని దోనె ముక్కు కొసన పెట్టుకుంది. అది కిందికి జారుతుంటే ఇంకోదాన్ని ఎంచుకుంది. కాలి బొటనవేలితో చుక్కానిని ఆపి, రెండు చేతులతో నీళ్లు తోడి పోస్తుంటే నాకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. యిత్కా చెయ్యి నీళ్లలో ముంచింది. వేళ్ల వెంట పచ్చటి వెలుగు పారింది. కంటికి ఆనని జీవులు కదిలిస్తే మెరుస్తాయి. అందులో రహస్యమేమీ లేదు. కారణం తెలిసినంత మాత్రాన అందం తగ్గదని నేను చాలా ఏళ్ల కిందటే కనిపెట్టాను.

హీనమాఫుషి కనిపించింది. కనిపించిన తీరు చూసి రిఫ్గా "అయ్యో మామయ్యా!" అంది.

ఒడ్డంతా జాతరలా వెలిగిపోతోంది. కొబ్బరిచెట్లకు చుట్టిన రంగు బల్బులు, భోజనాల పందిరి ట్యూబులైట్లు, బోర్డు చుట్టూ పరుగెత్తే ఎర్ర దీపాలు. మేం వస్తున్నామని తెలిసి ఇద్రీస్ ప్రేమగానే అన్నీ వేసి ఉంటాడు. అన్ని వెలుగుల మధ్య మాకు కావలసిన గీత ఎక్కడా లేదు.

రిఫ్గా ఫోన్ చేసి నా చేతికిచ్చింది. "మీరే చెప్పండత్తమ్మా. నా మాట వినరు."

"ఇద్రీస్, లైట్లన్నీ ఆర్పేయ్."

"ఆర్పేస్తే మీకెలా కనిపిస్తుంది?"

"ఆర్పితేనే కనిపిస్తుంది. మెయిన్ స్విచ్ కట్టెయ్."

"గదుల్లో జనం ఉన్నారు!"

"నిద్రపోయేవాళ్లకు చీకటి కొత్త కాదు."

దీవి ఒక్కసారిగా మాయమైంది. చీకట్లో నా భర్త ఊపిరి మాత్రం చెవి దగ్గర వినిపిస్తోంది.

"ఇప్పుడు వంటింటి తలుపు వెనక రెండు లాంతర్లు వేలాడుతుంటాయి. ఒకటి డాబా మీద బట్టల తీగె కొక్కేనికి తగిలించు."

"లాంతర్లా? అక్కడ ఎప్పుడు పెట్టావు?"

"మన అబ్బాయి పుట్టకముందు."

కాసేపటికి పైన ఒక పసుపు చుక్క పుట్టింది. పై దీపం.

"రెండోది కింద ఇనపకడ్డీకి."

"కడ్డీ పీకేశాను" అన్నాడు మెల్లగా. "నువ్వు మాలె వెళ్లిన రోజే. ఫోటోల్లో బాగాలేదు. అక్కడ గొడుగు పాతాను."

రిఫ్గా నా వైపు చూసింది. అడుగున నీళ్లు దిగిపోతున్న చప్పుడు, నిద్రలో ఎవరో గుటకలు వేస్తున్నట్టు. నేను కళ్లు మూసుకుని పాత పాఠంలోకి వెళ్లాను. రెండు బిందువులు తెలిస్తే గీత తెలిసినట్టే. పై దీపం ఒక బిందువు. రెండోది మొగ. మొగ నోట్లో మనం సరిగ్గా నిలబడగలిగితే, కింది దీపాన్ని ఆ గీత మీదికి ఇక్కడినుంచే జరిపించవచ్చు.

"చీకట్లో మొగ నోరు పట్టుకోగలవా?" అని అడిగాను.

రిఫ్గా ఇంజను ఆపేసింది. "మాట్లాడకండి" అంది.

విన్నాం. ఎడమవైపు గట్టు మీద కెరటాలు విరుగుతున్నాయి. కుడివైపు విరుగుతున్నాయి. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఎక్కడో ఒక సన్నని మౌనం ఉంది. అక్కడ నీళ్లు విరగవు. రిఫ్గా తల పక్కకు వంచి, నిద్రపోయే బిడ్డ ఊపిరి వినే తల్లిలా వింటూ, తెడ్డుతో దోనెను కొంచెం కొంచెంగా ఆ మౌనం వైపు నెట్టింది. తర్వాత పొడుగు గెడ దించి అడుగు తాకింది. "ఇసుక" అంది. అటూ ఇటూ గుచ్చింది. "రాయి. రాయి." గెడను మధ్యలో గుచ్చి పట్టుకుంది. "ఇదే నోరు. నేను పట్టి ఉంచుతా. మీరు కానివ్వండి."

యిత్కా ఏమీ అడగకుండా లేచి ఆమె పక్కన నిలబడి, తనూ గెడ పట్టుకుంది.

"ఇద్రీస్, లాంతరు చేత్తో పట్టుకుని నీళ్ల అంచున నిలబడు. మసీదు వైపు నడు. ఇంకా. ఇంకా. ఆగు, ఎక్కువైంది. బడి వైపు రెండడుగులు వెనక్కి రా."

"ఎందుకివన్నీ?"

"చెప్పాను, ఒకసారి కాగితం మీద."

చీకట్లో ఆ చిన్న పసుపు వెలుగు తడబడుతూ నా మాటకు జరిగింది. ఇంకొంచెం జరిగింది. పై దీపం కిందికి వచ్చి నిలువునా నిలబడింది. ఇన్నేళ్ల కాపురంలో నేను చెప్పిన చోటికి అతను జరగడం అదే మొదలు.

"అక్కడే. కదలకు."

"ఎంతసేపు? దోమలు కుడుతున్నాయి హబ్సా!"

"మేం వచ్చేదాకా. అవి నాకు బాగా తెలిసిన దోమలే."

రిఫ్గా ఫక్కున నవ్వి, గెడ ఎత్తి, ఇంజను వేసింది. దీపాలు ఏ మాత్రం విడివడినా ఆమె మణికట్టు కదిలేది, మళ్లీ ఒకదాని కింద ఒకటి వచ్చేవి. ఇరువైపులా రాళ్ల నల్లటి వీపులు అప్పుడప్పుడే తేలుతున్నాయి. ఒకచోట అడుగు ఒరుసుకుని కర్ర కిర్రుమంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. రిఫ్గా మొహంలో ఒక్క గీత మారలేదు. మరుక్షణం దోనె లోపలి నీళ్లలోకి, పాలగిన్నెలోకి చెంచా జారినట్టు, నిశ్శబ్దంగా జారింది.

ఇద్రీస్ లుంగీ తడిసి, రెండు చేతులతో లాంతరు ఎత్తిపట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. మేం దిగినా దించడం మరిచిపోయాడు. యిత్కా అతని దగ్గరకు వెళ్లి తన అరకొర ఇంగ్లీషులో, "మంచి దీపం" అని మెచ్చుకుని, "రోజూ ఇలా ఎవరు నిలబడతారు?" అని అడిగింది.

ఇద్రీస్ నా మోకాళ్ల వైపు చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. ఆ చూపును నేను దాచుకున్నాను. దాన్ని చులకన చేయను. తర్వాత అలవాటైన గొంతు తిరిగొచ్చింది. "అలిసిపోయాను. కాస్త టీ పెడతావా?"

"మాకూ కలిపి పెట్టు" అన్నాను. "చక్కెర నీలం డబ్బాలో ఉంది." అప్పుడే కూర్చుంటే ఇక లేవలేనని తెలిసి కూడా, రిఫ్గా పక్కన దోనె అంచు మీద కూర్చున్నాను. టీ వచ్చింది. నీళ్లగా ఉంది. ముగ్గురం తాగాం.

మర్నాడు ఉదయం గోడగడియారాన్ని దింపి, ముల్లును గంట వెనక్కి తిప్పాను. ఆ తర్వాత గొడుగు తీసేసి, చెత్త పక్కన పడి ఉన్న ఇనపకడ్డీని కడిగి తెచ్చాను. ఇద్రీస్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని "ఇంకా పన్నెండు..." అని మొదలుపెట్టి, గోడ వైపు చూసి, పెరట్లో నీడ వైపు చూసి, ఆగిపోయాడు.

"ఈ రాత్రి చివరి విమానానికి ఇద్దరు వస్తున్నారు" అన్నాను. "రిఫ్గా పడవ నడుపుతుంది. జహీర్‌కి నేను చెప్పేశాను. గాలీ నీళ్లూ చూడడానికి తనతో నేనూ వెళ్తున్నాను. ఇక నుంచి ప్రతి రాత్రీ."

రివ్యూల సంగతి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. నిజంగా కంగారుపడిన మనిషిలా అడిగాడు:

"నువ్వూ పడవెక్కితే మరి ఇక్కడ దీపాలెవరు పెడతారు?"

నేను కడ్డీని అతని చేతిలో పెట్టాను.

"ఒడ్డున ఉన్నవాళ్లు."